లారీ అడుగున పట్టే తుప్పు

కాసిమేడు నుంచి ఎన్నూరు వైపు సాగే తీర రహదారిపై, ఓడరేవు లోపలికి అనుమతి దొరికే వరకు కంటైనర్ లారీలు బారులు తీరి నిలిచి ఉండడం చెన్నైవాసులకు కొత్త దృశ్యం కాదు. ఆ దారికి ఒక పక్క సముద్రం. అలలు రాళ్ళకట్టను కొట్టినప్పుడు లేచే తుంపర గాలితోపాటు లారీల కిందికి చేరుతుంది. డ్రైవరు క్యాబిన్‌లో కునుకు తీస్తున్న ఆ గంటలలో ఉప్పు చాసిస్‌పై పేరుకుంటూనే ఉంటుంది. అద్దాలు తుడిచి, ముందు నిమ్మకాయలు కట్టి, పూలదండ వేసిన బండికి అడుగుభాగం ఎలా ఉందో వంగి చూసేవారు అరుదు. ఎఫ్.సి. గడువు దగ్గరపడితే తప్ప చాలామందికి ఆ ఆలోచన రాదు.

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు ఈ మూడూ కలిసిన చోట తుప్పు పుడుతుంది. ఉప్పు లేకున్నా అది పుట్టగలదు. అయితే ఉప్పు కలిసిన తడిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కనుక ఆ చర్య వేగం పుంజుకొంటుంది. పైగా ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని వాన లేని రోజున కూడా ఇనుమును తడిగా ఉంచుతుంది. రాగి, ఇత్తడి పాత్రలకు పట్టేది చిలుము, ఇనుముకు పట్టేది తుప్పు అని తెలుగువారు వేరువేరు పేర్లు పెట్టుకొన్నారు. తమిళంలోనూ ఒకటి కళింబు, మరొకటి తురు. ఈ భేదం మాటలతోనే ఆగదు. రాగిపై ఏర్పడే పొర లోహాన్ని అంటిపెట్టుకొని కింది భాగాన్ని చాలావరకు కాపాడుతుంది. తుప్పుకు ఆ గుణం లేదు. తాను తిన్న ఇనుముకంటే రెండింతలు మొదలుకొని ఆరింతల వరకు చోటు ఆక్రమించి, ఉబ్బి, పొలుసులుగా రాలిపోయి, కింది ఇనుమును మళ్ళీ తడికి అప్పగిస్తుంది. గులకరాయి తగిలి రంగు లేచిన చోట మొదలైన మచ్చ, చుట్టూ ఉన్న మంచి రంగును కూడా లేపుకుంటూ పోవడానికి కారణం ఇదే.

తీర నగరంలో తిరిగే ఏ లారీకైనా అడుగున కొంత తుప్పు తప్పదు. అది ఏ దశలో ఉన్నదో గుర్తించడమే యజమాని చేయవలసిన మొదటి పని. వేలితో రుద్దితే గోధుమరంగు పొడిగా చేతికి అంటి, కింద లోహం నునుపుగా కనిపిస్తే అది పైపొర తుప్పు. దానిని డ్రైవరు, క్లీనరు కలిసి రెండు రోజులలో వదిలించవచ్చు. ఖర్చు ఇనుప బ్రష్షు, ఎమ్రీ కాగితం, ప్రైమరు, రంగు వరకే. పొలుసు పొలుసులుగా లేచి, సుత్తితో మెల్లగా తడితే ఖంగుమనకుండా బొద్దుగా పలికినా, స్క్రూడ్రైవరు మొన దిగబడినా లోహం మందం తరిగిపోయిందని అర్థం. అటువంటి చోట రంగు పనికిరాదు. అనుభవం గల వర్క్‌షాపుకు బండిని చూపించవలసినదే.

చూడవలసిన తావులు కొన్ని ఉన్నాయి. చాసిస్ పొడవు పట్టీల లోపలి గాడిలో బురద పేరుకొని రోజుల తరబడి తడిని పట్టి ఉంచుతుంది. అడ్డపట్టీలు కలిసే మూలలు, కమాన్ కట్టల బ్రాకెట్లు, డీజిల్ ట్యాంకును బిగించే పట్టీల కింద ఉండే రబ్బరు, మడ్‌గార్డుల వెనుక భాగం కూడా ఇటువంటివే. కాసిమేడు రేవునుంచి చేపలు మోసే బండ్లకు మరొక బెడద ఉంది. కరిగిన మంచు చేపల ఉప్పునీటితో కలిసి బాడీ చెక్కల సందులనుంచి సరిగ్గా అడ్డపట్టీలమీదనే కారుతుంది. అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినవి బ్రేకులకు గాలిని చేరవేసే ఇనుప గొట్టాలు. చాసిస్ పట్టీ తుప్పు పట్టి బలహీనపడడానికి ఏళ్ళు పట్టవచ్చు; సన్నని గొట్టానికి చిల్లి పడడానికి అంతకాలం అక్కరలేదు.

ఎఫ్.సి. గడువు ముందు కనిపించే అలవాట్లు రెండు. మొదటిది, తుప్పుమీదనే నల్లరంగు కొట్టించడం. బండి ఒక వారం కొత్తదానిలా ఉంటుంది. రంగు కింద చిక్కిన ఉప్పు, తడి మాత్రం బయటికి పోవు. తొలి వానల తరువాత పొక్కులు లేచే సరికి లోపల గుంటలు పడి ఉంటాయి. రెండవది, కడిగించిన తరువాత అడుగునంతా వాడిన ఇంజను ఆయిలు చల్లించడం. పాతకాలపు డ్రైవర్లకు దీనిమీద నమ్మకం ఎక్కువ. కొన్నాళ్ళు తడి తగలకుండా ఆపే మాట నిజమే గాని, ఆ ఆయిలులో ఆమ్లాలు ఉంటాయి. రబ్బరు బుష్షులు ఉబ్బి చెడతాయి. బ్రేకు లైనింగుపై పడితే ప్రమాదం. దుమ్ము అంటుకొని గట్టిపడిన ఆ ముద్ద కింద తుప్పు కనిపించకుండా పెరుగుతుంది. ఇక కారిన ఆయిలు వాననీటి కాలువలలోకి, అక్కడినుంచి, ఒకప్పుడు ఆంధ్ర తీరంనుంచి చెన్నపట్నానికి పడవలు నడిచిన బకింగ్‌హాం కాలువలోకి చేరుతుంది. వాడిన ఆయిలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల పరిధిలోని వస్తువు. అనుమతి గల సేకరణదారులకు అప్పగించవలసినదే గాని చల్లించవలసినది కాదు.

సరైన పని కడగడంతో మొదలవుతుంది. బ్రష్షు తుప్పును తీస్తుంది గాని లోహపు గరుకులో దాగిన ఉప్పును తీయలేదు. దానికి మంచినీరే కావాలి. ఇక్కడ ఉత్తర చెన్నై వారు ఒక విషయం గమనించాలి. మీంజూరు పరిసరాలలో భూగర్భజలంలోకి సముద్రపు నీరు చొచ్చుకువచ్చింది. అటువంటి బోరునీటితో కడిగితే తీసిన ఉప్పును తిరిగి పూసినట్టే. సర్వీసింగ్ కేంద్రంలో నీటిని ఒక చుక్క నాలుకమీద వేసుకొని చూడడం మోటుగా తోచినా పనికివచ్చే పరీక్ష.

బండిని సమతలంపై నిలిపి, చక్రాలకు రెండువైపులా అడ్డుదిమ్మలు పెట్టిన తరువాతనే ఎవరైనా కిందికి దిగాలి. జాకీనొక్కదాన్నే నమ్మి బండి కింద పడుకోరాదు. టిప్పరు బాడీని ఎత్తి ఉంచితే ఇనుప ఊతం తప్పనిసరి. కంటికి అద్దాలు, ముక్కుకు గుడ్డ ఉండాలి. గ్రీజు మరకలు పోగొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, ఇనుప బ్రష్షుతో తోమి, మంచి రంగు మొదలయ్యే అంచు వరకు ఎమ్రీ కాగితంతో రుద్దాలి. బ్రష్షు అందని గుంటలలో మిగిలిన పలుచని తుప్పుకు టానిక్ ఆమ్లం గాని ఫాస్ఫారిక్ ఆమ్లం గాని కలిగిన రస్ట్ కన్వర్టరు పూస్తే అది నల్లని లేదా బూడిదరంగు గట్టి పొరగా మారుతుంది. పొలుసుకట్టిన తుప్పుపై ఆ ద్రవం లోపలికి దిగదు. తోమిన ఇనుము తీరపు గాలిలో కొన్ని గంటలకే మళ్ళీ ఎర్రబారుతుంది కనుక ఎంత తోమగలరో అంతే తోమి, అదేరోజు ప్రైమరు వేయడం మంచిది. రెడాక్సైడ్ చాలామంది వాడేది. జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు, లేదా ఎపాక్సీ ప్రైమరు, ఉప్పుగాలికి మరింత కాలం నిలుస్తుంది. దానిపై ఒక మందపాటి పూత కంటే రెండు పలుచని పూతలు మేలు.

గ్రైండింగ్ మిషను చేతికి వచ్చినప్పుడు జరిగే పొరపాటు ఒకటి యజమానిని నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిప్పగలదు. చాలా లారీలలో కుడివైపు ముందు చక్రం దగ్గర చాసిస్ పట్టీమీద 17 అక్షరాంకెల సంఖ్య ముద్రించి ఉంటుంది. పరీక్షవేళ బ్రేకు ఇన్‌స్పెక్టరు దానిమీద కాగితం ఉంచి పెన్సిలుతో అచ్చు తీసి ఆర్.సి.తో సరిచూస్తారు. తుప్పుతోపాటు ఆ అక్షరాలూ అరిగిపోతే బండి తనదేనని నిరూపించుకొని, రవాణా కార్యాలయపు అనుమతితో తిరిగి ముద్రించుకొనే వరకు ఎఫ్.సి. రాదు, బండి నడవదు, కంతు ఆగదు. ఆ జానెడు చోట మిషను తగలనీయకుండా కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, మెత్తని బ్రష్షుతో రుద్ది, పలుచగా గ్రీజు పూయాలి. రంగు నింపరాదు.

బ్రేకు రబ్బరు గొట్టాలు, బ్రేకు డ్రమ్ములు, గ్రీజు నిపుల్స్, సైలెన్సరు, సెన్సార్ల తీగలు రంగు తగలకూడనివి. చిల్లిపడిన చాసిస్ పట్టీకి సొంతంగా అతుకు వెల్డింగ్ చేయించడం అపాయకరం. ఆ ఉక్కు వేడికి బలం కోల్పోయి అతుకు పక్కనే చీలవచ్చు. ఖాళీ డీజిల్ ట్యాంకుకు వెల్డింగ్ చేస్తే లోపలి ఆవిరి అంటుకొని పేలుతుంది.

ఎనిమిదేళ్ళ వరకు రవాణా వాహనాలకు రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటా ఎఫ్.సి. తీసుకోవాలి. గడువు ఏ నెలలో పడినా ఈ పనికి తగిన కాలం ఈశాన్య వానలు మొదలుకాక ముందే, అంటే సెప్టెంబరు లోపల. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు నగరంలో చాలాచోట్ల వాహనాలు నీటిలో నిలిచిపోయాయి. అలా మునిగిన బండిని నీరు తగ్గిన వెంటనే అడుగునుంచి కడిగించాలి. మామూలు రోజులలో తీర రహదారిపై నిలిచి వచ్చిన లారీకి వారానికొకసారి మంచినీటి పైపును చాసిస్ గాడి లోపలికి పెట్టి, బురద కొట్టుకుపోయే వరకు పట్టి ఉంచితే చాలు. క్లీనరుకు అరగంట పని.