దూరాన గుడి

ఒకసారి మా బడి పిల్లలను మహాబలిపురం తీసుకుపోయాను. అక్కడ సముద్రపు ఒడ్డున, ఎనిమిదో శతాబ్దంలో పల్లవరాజు రాజసింహుడు కట్టించిన రాతిగుడి ఉన్నది. దాని ఎత్తు సుమారు 60 అడుగులు. అందరం ఒడ్డు వెంట చాలా దూరం నడిచి, వెనక్కు తిరిగి గుడిని చూశాం.

బడికి వచ్చాక ఒక కుర్రవాడు ఆ దృశ్యాన్ని నూనెరంగులతో వేశాడు. గుడిని మాత్రం నీలిబూడిద మచ్చలా వదిలేశాడు.

"శిల్పాలేవిరా?" అంటూ నేను కుంచె అందుకుని నల్లరంగుతో అంతస్తులూ, సింహాలూ దిద్దాను.

వాడు కాసేపు చూసి, "గుడి దగ్గరికి వచ్చేసిందండీ, మాస్టారూ!" అన్నాడు.

నిజమే! నేను నాకు తెలిసింది వేశాను. వాడు కంటికి కనిపించింది వేశాడు.

దూరపు వస్తువులు అలా కనిపించటానికి కారణం గాలి. ఎండలోని నీలికాంతిని గాలి ఎక్కువగా చెదరగొడుతుంది. మనకూ గుడికీ నడుమ ఆ కాంతి పలచని తెరలా నిలుస్తుంది. సముద్రపు తేమ ఆ తెరను మరింత తెల్లగా చేస్తుంది. ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావిన్చీ (1452–1519) ఈ నీలితెరను గురించి రాసి పెట్టాడు.

మీరూ వేసి చూడండి. ముందు సముద్రం అంచును సమంగా గీయండి. తరువాత ఆకాశమూ, నీరూ వెయ్యండి. ఆకాశం తడిగా ఉండగానే, గుడిరంగులో తెలుపూ, కాస్త నీలమూ కలిపి వేస్తే అంచులు మెత్తగా వస్తాయి. ముందున్న ఇసుకనూ, పడవనూ చివరకు చిక్కని రంగుతో, స్పష్టంగా వెయ్యండి.

అడుగుపూతలో టర్పెంటైను కలిపి రంగును పలచన చెయ్యండి. పైపూతల్లో అవిసెనూనె ఎక్కువ ఉండాలి. అలా కాకపోతే పైపూత ముందు గట్టిపడి, తరువాత పగుళ్ళు వస్తాయి. టర్పెంటైను వాడేటప్పుడు పెద్దవాళ్ళు దగ్గర ఉండాలి. కిటికీలు తెరవండి, దీపం దగ్గర పెట్టుకోకండి.

అవిసెనూనె నీళ్ళలా ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. అందుకు చాలా రోజులు పడుతుంది. అది నా అదృష్టం! నేను దిద్దిన గీతలన్నీ గుడ్డతో తుడిచేసి, కుంచె ఆ కుర్రవాడికే ఇచ్చేశాను. రెండు నిమిషాల్లో వాడి గుడి మళ్ళీ దూరంగా వెళ్ళిపోయింది.