కొమ్ములకొక వేట, కూరకొక వేట

వంకాయ కొనునప్పుడైనను, బెండకాయ కొనునప్పుడైనను మన యిండ్లలో మొట్టమొదట చూచునది అది లేతదా, ముదురుదా అని. బెండకాయ కొనను విరిచి చూతురు. టప్పున విరిగినచో లేత. విరుగక వంగినచో ముదురు. మాంసపు దుకాణమున కూడ ఇదే ప్రశ్న. లేత మేక మాంసము త్వరగా ఉడుకును. ముదిరిన పోతు మాంసము ఎంతసేపు పొయ్యిమీద నుంచినను నమలుటకు కష్టముగనే యుండును. అట్టి కూరలో పచ్చి బొప్పాయి ముక్క నొకదానిని వేయుట మన వంటవారు ఎరిగిన ఉపాయము.

పశువు వయస్సునకును, మాంసపు మెత్తదనమునకును గల ఈ సంబంధము ఇంటి పశువులకే గాక అడవి మృగములకును వర్తించును. వేటను చట్టము అనుమతించిన దేశములు కొన్ని కలవు. స్వీడన్, నార్వే, కెనడా, అమెరికా సంయుక్త రాష్ట్రములు అట్టివి. అచ్చటి వేటగాండ్రలో కొందరు గోడకు తగిలించుకొనుటకు పెద్ద కొమ్ముల తలను కోరుదురు. వారు బాగుగా ఎదిగిన పోతును వెదకుదురు. కొందరు మాంసమును కోరుదురు. వారు లేతదాని నెన్నుకొందురు. ఈ రెండు ఎంపికలును ఒకదానికొకటి ఎదురు. ఏ ఎంపిక జరిగినదో దానినిబట్టి పళ్ళెములోని మాంసమే కాక, అడవిలో మిగిలిన మంద భవిష్యత్తు కూడ మారిపోవును. అది ఎట్లు జరుగునో పరిశీలింతము.

మన దేశమునందు పరిస్థితి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన జింకలను, దుప్పులను వేటాడుట నేరము. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు; మచ్చల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. కనుక ఈ వ్యాసము వేటకు మార్గదర్శి కాదు. ఇందలి జీవశాస్త్రము మాత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

మాంసము ముదురుట యనగా నేమి?

మాంసమనగా ముఖ్యముగా కండరము. సన్నని కండర తంతువులు కట్టలు కట్టలుగా నుండును. ఒక్కొక్క కట్టచుట్టును పలుచని పొర యుండును. అట్టి కట్టలెన్నో కలిసి పెద్ద కట్టయై, దానిచుట్టును మరియొక పొర యుండును. ఈ పొరలలో ముఖ్య పదార్థము కొల్లాజెన్ అను ప్రోటీను. మూడు పురులు పేనిన త్రాటివలె దీని అణువు మూడు పోగులు పెనవేసికొని యుండును. ఇట్టి అణువులు ప్రక్కప్రక్కన చేరి, ఒకదానితో నొకటి రసాయనిక బంధములచే ముడిపడి యుండును.

లేత జంతువులో ఈ ముడులు బలహీనమైనవి. నీటిలో వేడిచేసినచో అవి ఊడిపోయి, కొల్లాజెన్ కరగి జిలటిన్‌గా మారును. మేక కాళ్ళ పులుసు చల్లారిన పిమ్మట గడ్డకట్టుట మీరు చూచియే యుందురు. ఆ గడ్డ జిలటినే. జంతువు వయస్సు పెరిగినకొలది పాత ముడులు క్రొత్త రూపము దాల్చి, వేడికి లొంగని గట్టి బంధములగును. ముదురు మాంసములో కొల్లాజెన్ పరిమాణము అంతగా పెరుగకపోయినను, ఈ ముడులు గట్టిపడుట చేతనే మాంసము మొండిదగును. సుమారు 60 నుండి 65 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో కొల్లాజెన్ ముడుచుకొని, తడిగుడ్డను పిండినట్లు మాంసములోని నీటిని పిండివేయును. లేత మాంసములో కొల్లాజెన్ ఆపైన సులభముగా కరగిపోవును. ముదురు మాంసములో ముడుచుకొనియే యుండును. బొప్పాయిలోని పపైన్ అను ఎంజైము ఇట్టి ప్రోటీనులను ఖండించును. వంటవారి ఉపాయములోని రహస్యమిదే.

శరీరమంతటను ముదురుదనము ఒకే తీరుగ నుండదు. నిత్యము శ్రమించు కాళ్ళ కండరములలో కొల్లాజెన్ హెచ్చు. వెన్నెముక క్రింది భాగమున లోవైపున అంటియుండు కండరము అంతగా శ్రమింపదు. కావున పెద్ద జంతువులో కూడ అది మెత్తగనే యుండును. ప్రాణవాయువును నిలువచేయు మయోగ్లోబిన్ అను ఎఱ్ఱని పదార్థము వయస్సుతోపాటు హెచ్చును. అందుచేతనే ముదురు మాంసము రంగు చిక్కనిది.

కొమ్ములు పెరుగు కాలము

జింకజాతి కొమ్ములు ఎముకతో నిర్మితమైనవి. సాధారణముగా అవి పోతులకే యుండును. ప్రతి సంవత్సరమును రాలిపోయి మరల మొలచును. పోతు నిండు ప్రాయమునకు వచ్చినకొలది కొమ్ములు పెద్దవగును. ఉత్తర దేశములలో అవి పూర్తిగా గట్టిపడునది శరత్కాలారంభమున. అదియే జతకట్టు కాలము. అప్పుడు పెద్ద పోతులు మేతను దాదాపు మానివేసి, పెంటుల వెంట తిరుగుచు, తమలో తాము పోరాడుచు, వేసవిలో కూడబెట్టిన క్రొవ్వును ఖర్చుచేయును. మూత్రము విడిచిన గుంటలలో పొర్లాడును. వాటి మాంసమునకు ఘాటైన వాసన పట్టుట కలదు. మన ఊళ్ళలో విత్తనపు మేకపోతు వాసన నెరిగినవారికి దీనిని వివరింప నక్కరలేదు. ఆ యేటనే పుట్టిన పిల్లకు ఈ బాధ లేదు. అనగా కొమ్ములు కంటికి మిక్కిలి ఇంపుగా నున్న దినములలోనే ఆ పోతు మాంసము నాలుకకు మిక్కిలి హీనము.

అయితే వయస్సొక్కటియే సర్వము కాదు. కండరములో గ్లైకోజన్ అను పిండిపదార్థము నిలువయుండును. జంతువు చనిపోయిన పిమ్మట అది లాక్టిక్ ఆమ్లముగా మారి, మాంసము పి.హెచ్. సుమారు 7 నుండి 5.5 వరకు దిగును. తరుమబడి అలసి చచ్చిన జంతువులో గ్లైకోజన్ ముందే ఖర్చగుటచే ఆమ్లము చాలదు. మాంసము నల్లబడి, బిరుసెక్కి, త్వరగా చెడును. శాంతముగా మేయుచుండగా ఒక్క గుండుతో కూలిన జంతువు మాంసమే మేలైనది. తరువాత దానిని చల్లనిచోట వ్రేలాడదీసినచో కండరములోని ఎంజైములే తంతువులను సడలించును. దీనికై నార్వే వేటగాండ్రు ఒక సులభమైన లెక్క కట్టుదురు: దినముల సంఖ్యను ఉష్ణోగ్రతతో హెచ్చవేయగా 40 రావలెను. 4 డిగ్రీల చలిలో 10 దినములు చాలునన్నమాట.

పండ్లు చెప్పు వయస్సు

కొమ్ముల కొనలను లెక్కించినచో జింక వయస్సు తెలియునను నమ్మకము పలుచోట్ల కలదు. ఇది సరికాదు. మేత, ఆరోగ్యము, వంశము కూడ కొమ్ములను మార్చును. నమ్మదగినవి పండ్లు. అమెరికాలోని తెల్లతోక జింకల పండ్ల పెరుగుదలను, అరుగుదలను బట్టి వయస్సును గుర్తించు పద్ధతిని సెవరింగ్‌హాస్ అను శాస్త్రజ్ఞుడు 1949లో ప్రకటించెను. ఆ జింక క్రింది దవడలోని మూడవ చిన్న దంతము పాలపన్నుగా నున్నప్పుడు మూడు భాగములుగ నుండును. సుమారు ఏడాదిన్నర వయస్సున అది ఊడి, రెండు భాగముల శాశ్వత దంతము వచ్చును. ఇంకను ఖచ్చితముగ తెలియవలెనన్నచో దంతమూలమును పలుచగా కోసి, సూక్ష్మదర్శినిలో చూచి, చెట్టు మ్రానులోని వలయములవలె ఏటేటి పొరలను లెక్కింతురు. ఇవన్నియు జంతువు చచ్చిన తరువాతి పరీక్షలు. బ్రతికియున్నప్పుడు వేటగాడు దేహపు తీరును చూచియే నిర్ణయింపవలెను: పొట్టి ముఖము, సన్నని మెడ, తల్లి ప్రక్కన నడచుట పిల్లకు గుర్తులు.

స్వీడన్, నార్వే దేశముల అనుభవము

జింకజాతిలో కెల్ల పెద్దది మూస్. స్వీడన్, నార్వే దేశములలో ఇది విస్తారముగా కలదు. అచ్చట దీని వేట ప్రధానముగా మాంసము కొఱకు. 1970 తరువాత ఈ రెండు దేశములును పిల్లలను, ఏడాది వయస్సు వాటిని హెచ్చుగా కొట్టి, ఈనదగిన పెంటులను మిగుల్చు పద్ధతి నవలంబించినవి. చెట్లు నరికిన అడవులలో లేత మొలకల మేత సమృద్ధిగా నుండుటయు, తోడేళ్ళు, ఎలుగుబంట్లు తగ్గిపోయి యుండుటయు దీనికి తోడై మందలు వేగముగా పెరిగినవి. 1982లో ఒక్క స్వీడన్‌లోనే 1,70,000కు పైగా మూస్‌లను వేటాడిరి.

దీనిలోని లెక్క తేలికయైనది. పెంటిని చంపినచో దానితోపాటు అది ముందు ఈనవలసిన పిల్లలన్నియు పోయినట్లే. పిల్లను చంపినచో తల్లి మరుసటి వేసవికి మరల ఈనును. బాగుగా మేసిన పెంటి తరచుగా కవలలనే ఈనును. పిల్ల పుట్టినప్పుడు 10, 15 కిలోల బరువుండి, అయిదు నెలలకే 60, 70 కిలోల మాంసపు కళేబరమునిచ్చును. ఎదుగుదల ముగిసిన పోతు ఎంత మేసినను అంత వేగముగా మాంసము పెంచదు. మన గొల్లవారు చేయునదియు నిదియే గదా! మగపిల్లలను మాంసమునకమ్మి, ఆడపిల్లలను మందకు నిలుపుకొందురు.

పిల్లను చంపుట క్రూరము కాదా యని విద్యార్థులు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ప్రకృతిలో పిల్లల మరణములు పెద్దవాటికంటె హెచ్చని మాత్రము సమాధానము చెప్పవచ్చును. అమెరికాలో సుపీరియర్ సరస్సు నడుమనున్న ఐల్ రాయల్ దీవిలో 1958 నుండి తోడేళ్ళను, మూస్‌లను పరిశీలించుచున్నారు. అచ్చటి తోడేళ్ళకు దొరకునవి ముఖ్యముగా పిల్లలును, ముసలివియు. నిండు ప్రాయమున నున్నవి తప్పించుకొనును. మఱియు, తల్లిని కోల్పోయిన పిల్ల మంచులో మేత వెదకలేక కృశించును. అందుచే పిల్లతోనున్న పెంటిని ముందుగా కొట్టరాదనునది అచ్చటి వేటగాండ్ర నియమము.

రామ్ పర్వతపు పొట్టేళ్ళు

ఇప్పుడు రెండవ దారిని చూతము. కొమ్ముల కొలతలను గ్రంథస్థము చేయుట 19వ శతాబ్ది చివర ప్రబలినది. లండన్‌లోని రోలండ్ వార్డ్ 1892లో అట్టి కొలతల పుస్తకమును ప్రకటించెను. కొమ్ము ఎంత పెద్దదైన అంత కీర్తి యనుట స్థిరపడెను.

కెనడాలోని అల్బర్టా రాష్ట్రమున రామ్ పర్వతముపై పెద్ద కొమ్ముల అడవి గొఱ్ఱెలు కలవు. జింక కొమ్మువలె గొఱ్ఱె కొమ్ము రాలదు. జీవితాంతము పెరుగుచు చుట్ట తిరుగును. చుట్టలో అయిదింట నాలుగు వంతులు తిరిగిన పొట్టేలును వేటాడవచ్చునని అచ్చట చట్టముండెడిది. వేగముగా కొమ్ము పెరిగిన పొట్టేలు నాలుగేండ్లకే ఆ కొలతను అందుకొనును. కాని పెద్ద కొమ్ము పొట్టేలునకు జతకట్టుటలో ఉపయోగపడునది ఆరేండ్లు దాటిన పిమ్మటనే. అనగా మేలైన కొమ్ములు గలది సంతానమును పొందకముందే చచ్చును; చిన్న కొమ్ములది బ్రతికి తన వంశమును పెంచును. సుమారు ముప్పది సంవత్సరముల పరిశీలనానంతరము 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఫలితమిది: అచ్చటి పొట్టేళ్ళ కొమ్ములును, దేహపు బరువును తగ్గినవి. 1996లో చుట్ట పూర్తిగా తిరిగిన వానినే కొట్టవలెనని నియమము మార్చిరి. వేట తగ్గిన పిమ్మట కొమ్ముల వంశక్షీణత ఆగినది గాని, పోయిన గుణము వెంటనే తిరిగి రాలేదని 2016 నాటి పరిశోధన తెలిపెను. మంద పెరిగి మేత చాలకపోవుట వలన ఎంత, వంశము వలన ఎంత యను విషయమై శాస్త్రజ్ఞులలో చర్చ జరిగినది. ఆ వాదమెట్లున్నను, పెద్ద కొమ్ములను కోరిన వేటయే పెద్ద కొమ్ములను తగ్గింపగలదని దీనివలన తేలుచున్నది.

మాంసపు వేట కూడ హద్దు తప్పరాదు. నార్వేలో పిల్లలతోపాటు పోతులను మితిమీరి కొట్టినచోట్ల పెద్ద పోతులు కఱవై, కొన్ని పెంటులు ఆలస్యముగా కట్టి, పిల్లలు ఆలస్యముగా పుట్టినవి. ఆలస్యముగా పుట్టిన పిల్లకు చలికాలమునకు ముందు ఎదుగుటకు వ్యవధి చాలదు. కనుక పిల్లలను, పోతులను, పెంటులను ఏ పాళ్ళలో తీసికొనవలెనో మందను లెక్కించి నిర్ణయింపవలసి యుండును.

మన రైతు కోతకు ముందు చేనిలో తిరిగి, గట్టి గింజగల కంకులను ఏరి విత్తనమునకు దాచును. తినుటకు మిగిలిన పంటను వాడుకొనును. కూరకై లేతదాని నెన్నుకొను వేటగాడు తెలిసియో తెలియకయో ఆ రైతు మార్గముననే నడచుచున్నాడు. కొమ్ములకై మేటి పొట్టేలును కొట్టువాడు విత్తనపు కంకిని తినుచున్నాడు. వరణమను మాట వినగానే మనకు ప్రకృతి వరణము గుర్తువచ్చును. తుపాకి పట్టినవాని కన్ను కూడ వరణము చేయునదే. అది దేనిని కోరునో, దానికి విరుద్ధమైనది అడవిలో మిగులును.