మా బండికి వచ్చిన మూర్ఛ

ఇంట్లో మనిషికి మూర్ఛ వస్తే ముఖాన నీళ్లు చల్లుతాం. బండికి వస్తే? నేనూ నీళ్లే చల్లాను. ఒకరోజు కాదు, నెల్లాళ్లు చల్లాను. అలా చల్లటంవల్లనే అసలు రోగం నాకు కనబడకుండా పోయిందని తర్వాతగాని తెలియలేదు.

మాది కడియం. మొక్కల తోటే మా జీవనం. మొక్కలు మోయటానికి మా నాన్నగారు కొన్న 1968 నాటి పెట్రోలు పికప్పు వొకటి వుంది. ముందు ముగ్గురం ఇరుక్కు కూర్చోవచ్చు. వెనక తొట్టెలో గులాబీలు, మందారాలు, మామిడి అంట్లు ప్రయాణం చేస్తాయి. "దాన్ని పాత ఇనుము వాడికి ఇచ్చెయ్యండి" అని మా ఆవిడ ఏటా వొకసారి అంటుంది. నాన్నగారి బండి గదా, నేను వినిపించుకోను.

2025 వేసవిలో దానికి కొత్త జబ్బు పట్టుకుంది. పది మైళ్లు సుఖంగా నడిచి, యెండ ముదరగానే దగ్గి, గునిసి, ఆగిపోయేది. అరగంట పోయాక హ్యాండిల్ తిప్పితే మళ్లీ ప్రాణం వచ్చేది. ఇంజను వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతే ఇలాగే జరుగుతుందని నాకు తెలుసు. మా ప్రాంతపు పాత డ్రైవర్లు అందుకే పంపు మీద తడిగుడ్డ కప్పేవారు. నేనూ కప్పాను. కొంత గుణం కనిపించింది. ఇంకేం, నేను పెద్ద వైద్యుణ్ణి అయిపోయాను!

వొకనాడు మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని కొవ్వూరు బయలుదేరాను. 1974లో ప్రారంభమైన ఆ రోడ్డు-రైలు వంతెన నడిమధ్యకు వచ్చేసరికి బండి ఆగింది. కింద గోదావరి, వెనక హారన్లు, తొట్టెలో వాడిపోతున్న మొక్కలు. తడిగుడ్డ వేశాను. లాభం లేదు. "నాన్నా, పెట్రోలు వాసన వస్తోంది" అంది అమ్మాయి. పాత బండి గదా, వాసన రాకేం చేస్తుందన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ వొళ్లు జలదరిస్తుంది.

నలుగురూ పట్టి నెట్టి వంతెన దాటించారు. అవతల చెట్టు కింద వొక ముసలి మేస్త్రీ దొరికాడు. ఆయన కార్బొరేటరు జోలికే పోలేదు. ముందుగా ఇంజను ఆయిలు గేజి లాగి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఆయ్, అబ్బాయిగారూ! ఆయిలు పోశారా ఈమధ్య?"

"లేదండీ."

"మరి గీత దాటి పైకెలా వచ్చిందండీ? ఇది ఆయిలు కాదు, సగం పెట్రోలు!"

అప్పుడు చెప్పాడు సంగతి. ఇటువంటి బండిలో పెట్రోలు టాంకీ నుంచి తనంత తాను కార్బొరేటరుకు రాదు. ఇంజను పక్కన వున్న చిన్న పంపు దాన్ని తోడిపోస్తుంది. కాంషాఫ్టు మీద వొక గుబ్బ వుంటుంది. అది తిరిగినప్పుడల్లా పంపు చేతిని నొక్కుతుంది. ఆ చెయ్యి లోపలి డయాఫ్రమనే పలచని పొరను కిందికి లాగుతుంది. పెట్రోలు లోపలికి వస్తుంది. తర్వాత స్ప్రింగు ఆ పొరను పైకి తోస్తే, పెట్రోలు కార్బొరేటరుకు పోతుంది. ఇంజను రెండు చుట్లు తిరిగితే పంపు వొక్క గుక్క తోడుతుంది. అంతే దాని సంసారం.

ఆ పొర చిరిగితే రెండు విధాల ముప్పు. తోడే బలం తగ్గి బండి ఆగిపోవటం వొకటి. కారిన పెట్రోలు పంపు అడుగు రంధ్రంనుంచి వేడి ఇంజను పక్కన పడటం, లేదా లోపలికి దిగి ఆయిల్లో కలవటం రెండోది. పలచబడ్డ ఆయిలుతో నడిపితే బేరింగులు అరిగి ఇంజనే పోతుంది. బయట కారితే నిప్పే! పైగా, ఈ రోజుల పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. ఆనాటి రబ్బరు పొరలకు అది పడదన్నాడు మేస్త్రీ. నా తడిగుడ్డ పంపును కాస్త చల్లబరిచి, చిరుగును కప్పిపెట్టిందన్నమాట.

కొత్త పంపు రాజమండ్రిలో దొరికింది. మార్చేటప్పుడు నేను పక్కనే వున్నాను. ముందు బ్యాటరీ తీగ తీసేశాడు. బీడీ ముట్టించబోయిన కుర్రాణ్ణి కసిరి దూరంగా పొమ్మన్నాడు. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువు, నేలబారున పాకుతుంది. అంచేత ఈ పని గుంటలోనూ, మూసిన కొట్టంలోనూ చెయ్యరాదు. టాంకీ నుంచి వచ్చే గొట్టం విప్పి, కర్రబిరడా కొట్టాడు. గొట్టం మెలిపడకుండా రెండు స్పానర్లు వాడాడు: వొకటి ఆపటానికి, వొకటి తిప్పటానికి. పాత ప్యాకింగు గీకి శుభ్రంచేశాడు. హ్యాండిల్‌తో ఇంజను కాస్త తిప్పి, గుబ్బ వెనక్కు పోయేట్టు చూశాడు. అప్పుడు పంపు చేతికి వొత్తిడి వుండదు. ఆ చెయ్యి గుబ్బ మీద సరిగ్గా ఆనాలి. పక్కకు పోతే బోల్టు బిగించేసరికి విరుగుతుంది. బోల్టులు ముందు వేళ్లతో పట్టించి, తర్వాతే వొకటి విడిచి వొకటి బిగించాడు.

కార్బొరేటరుకు వెళ్లే గొట్టాన్ని సీసాలో పెట్టి, నన్ను హ్యాండిల్ తిప్పమన్నాడు. పెట్రోలు గుక్కగుక్కగా చిమ్మింది. "ఇదండీ నాడి" అన్నాడు. చెడిన ఆయిలంతా వొంపేసి కొత్తది పోశాకగాని బండి స్టార్టు చెయ్యనివ్వలేదు. పావుగంట నడిపించి, అతుకుల కింద పొడిగుడ్డతో తుడిచి, తడి లేదని చూపించాడు.

ఇంటికొచ్చి జరిగినదంతా చెప్పాను. ఈసారైనా పాత ఇనుము మాట ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. అమ్మాయి తల నిమురుతూ చాలాసేపు వూరుకుంది.

"ఏమండీ, ఇకమీదట పిల్ల వాసన వస్తోందంటే బండి ఆపి చూడండి" అంది మా ఆవిడ.

ఇప్పుడు రోజూ పొద్దున్నే బండి తియ్యబోయేముందు గేజి లాగి వాసన చూస్తున్నాను. తడిగుడ్డను మాత్రం మొక్కల వేళ్లకు చుడుతున్నాను.