ఎదురు మాటకు బెత్తం మందు కాదు

దీపాలు పెట్టే వేళ. కూలి నుంచి వచ్చిన తల్లి వంట మొదలుపెడుతూ, "ఫోను పెట్టేసి పుస్తకం తియ్యరా" అంటుంది. "నాన్న చూడట్లేదా? నన్నే అంటావేం?" అంటాడు పదేళ్ల కొడుకు. తల్లి కేకలేస్తుంది. వాడు అంతకన్నా గట్టిగా అరుస్తాడు. చివరకు వీపు మీద రెండు దెబ్బలు. ఏడుపు వినలేక నాయనమ్మ మళ్లీ ఫోను చేతికిస్తుంది. చాలా ఇళ్లలో ఈ తంతు మామూలే.

ఇంత రభసలో పిల్లవాడు నేర్చుకున్నది ఒక్కటే. గట్టిగా ఏడిస్తే అడిగింది దొరుకుతుంది. పదిసార్లు కాదని పదకొండోసారి ఇచ్చినా, వాడికి ఆ ఒక్కసారే గుర్తుంటుంది. మర్నాడు పేచీ ఇంకాస్త ఎక్కువసేపు సాగుతుంది.

ఇంట్లో మాట ఒక్కటే

కోపం లేని వేళ చూసి నియమం ముందే చెప్పాలి. "చదువు అయ్యాకే ఫోను. మాట తప్పితే రేపు ఫోను లేదు." అంతే. తల్లి కాదన్నది తండ్రి ఇవ్వకూడదు, నాయనమ్మా ఇవ్వకూడదు. "ఇంట్లోంచి గెంటేస్తా" వంటి జరగని బెదిరింపులకు పిల్లలు రెండు రోజుల్లోనే అలవాటు పడతారు. అన్నం మాన్పించడం శిక్ష కానే కాదు.

పిల్లవాడు అరిస్తే పెద్దలు గొంతు తగ్గించాలి. చెప్పాల్సింది ఒకసారి చెప్పి తమ పని చూసుకోవాలి. రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు. మొదటి కొద్ది రోజులు మొండితనం తగ్గకపోగా పెరగవచ్చు. చాలామంది అక్కడే మెత్తబడతారు. ఆ కొద్ది రోజులు నిలబడితే పేచీ క్రమంగా తగ్గుతుంది. చెప్పిన మాట విన్ననాడు "మంచి పని చేశావు" అనడం మరవకూడదు.

పిల్లల మాటలోనూ న్యాయం

ఎదురు చెప్పిందల్లా పొగరు కాదు. "నాన్న చూడట్లేదా" అన్న మాటలో న్యాయం ఉంది. ముందు తండ్రి ఫోను పక్కన పెట్టాలి. అరవకుండా అడిగితే వింటామని పిల్లలకు తెలియాలి. ఆకలి మీద, నిద్ర మత్తులో ఉన్నవాడితో వాదన పెట్టుకోకపోవడమే మేలు.

"నాలుగు తగిలించండి మాస్టారూ" అని బడికి అప్పగించే రోజులూ పోయాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషిద్ధం.

దెబ్బకు జడిసినవాడు ఎదురు మాటే కాదు, అసలు మాటే మానేస్తాడు. చెరువులో ఈతకు దిగిన సంగతి, దారిలో ఎవరో బెదిరించిన సంగతి ఇంట్లో చెప్పడు. పిల్లవాడి నోరు మూయించడం తేలికే. అవసరమైన రోజున ఆ నోరు తెరిపించడమే కష్టం.