పుడక తీస్తే రంధ్రం పూడుతుంది!

మన అమ్మాయిలు వేసవి సెలవుల్లో ఇండియా వెళ్లి ముక్కు కుట్టించుకుని వస్తారు. ఆగస్టులో ఇక్కడ అమెరికాలో సాకర్ ప్రాక్టీసు మొదలవుతుంది. ఆటలో నగలు సాధారణంగా ఒప్పుకోరు. చిక్కంతా అక్కడే.

ముక్కు పైకి మానినట్టున్నా లోపల పూర్తిగా మానడానికి 4 నుంచి 6 నెలలు, కొందరికి ఏడాది పడుతుంది. ఈలోగా పుడక తీస్తే కొన్ని గంటల్లోనే రంధ్రం పూడుకుపోవచ్చు. అందుకే మా పాపకు సీజన్ ముగిశాక నవంబరులో కుట్టించాం. వసంతకాలం సీజన్ వదులుకుంటానని తనే ఒప్పుకుంది.

గన్‌తో వద్దు, ఒకసారి వాడి పారేసే సూదితోనే కుట్టించండి. మొదటి పుడక ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియందైతే మేలు. రోజుకు రెండుసార్లు 0.9 శాతం స్టెరైల్ సెలైన్‌తో శుభ్రం చేస్తే చాలు. పసుపు, నూనె, స్పిరిట్ రాయొద్దు, పుడకను తిప్పొద్దు. చీము, జ్వరం వస్తే మీరే తీసేయకుండా డాక్టరుకు చూపించండి.

డర్బన్‌లో దక్షిణ భారత మూలాలున్న విద్యార్థిని బడిలో ముక్కుపుడక పెట్టుకోవచ్చని 2007లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. అది యూనిఫాం సంగతి. మైదానంలోది దెబ్బలు తగలకుండా పెట్టిన నియమం. కాబట్టి కంసాలి కంటే ముందు కోచ్‌ను అడగండి.