ఆ ఆట... పసికాళ్ల కోసం!

వాళ్లంతా కాలేజీ కుర్రాళ్లు. చదువు అయిపోగానే ప్రొఫెషనల్‌ జట్లలో చేరి కోట్లు సంపాదించాలని కలలు కంటున్నవాళ్లు. ఆ కోట్లన్నీ వాళ్ల కాళ్లమీదే ఆధారపడి ఉన్నాయి. మోకాలు ఒక్కసారి మెలిపడితే చాలు, అన్నీ తలకిందులే. అయినా సరే... కప్పు కోసం కాదు, లీగ్‌లో పాయింట్ల కోసం కాదు, ఏటా ఓ ఆట ఆడుతున్నారు. 1925లో మొదలైన ఆ ఆట వెనకున్నది నడవలేని చిన్నారులు!

అమెరికాలో ఫుట్‌బాల్‌ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్‌ కాదు. మన ఫుట్‌బాల్‌ను వాళ్లు సాకర్‌ అంటారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి కోలగా ఉంటుంది. తలకు హెల్మెట్లు, భుజాలకు ప్యాడ్లు కట్టుకుని జట్టుకు 11 మంది చొప్పున మైదానంలోకి దిగుతారు. బంతిని చంకన పెట్టుకుని ఒకడు దూసుకుపోతుంటే అవతలివాళ్లు పొట్టేళ్లలా ఢీకొట్టి పడేస్తారు. కాళ్లూ కీళ్లూ దెబ్బతినడం అక్కడ మామూలే.

మన దగ్గర క్రికెట్‌కున్నంత పిచ్చి అక్కడ ఈ ఆటకుంది. కాలేజీ జట్ల పోటీలకే లక్ష మంది వచ్చే స్టేడియాలున్నాయి. కాలేజీలో మెరిసిన కుర్రాళ్లను ఏడాదికోసారి ప్రొఫెషనల్‌ జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్‌ అంటారు. ముందు వరుసలో పేరు పిలిస్తే జీవితం మారిపోయినట్టే. ఆ పిలుపు రావడానికి ముందు... దేశం నలుమూలల నుంచి ఎంపికైన కాలేజీ ఆటగాళ్లు తూర్పు, పడమర జట్లుగా విడిపోయి ఆడే ఆటే ‘ఈస్ట్‌-వెస్ట్‌ ష్రైన్‌ గేమ్‌’. ఇప్పుడు ‘ష్రైన్‌ బౌల్‌’ అని పిలుస్తున్నారు.

ఏడాదికి రెండు డాలర్లు

ఈ కథ మైదానంలో కాదు, ఆసుపత్రిలో మొదలైంది. అమెరికాలో ‘ష్రైనర్స్‌’ అని ఓ సంఘం ఉంది. ఎర్రటి కుచ్చుటోపీ వాళ్ల గుర్తు. వ్యాపారులూ ఉద్యోగులూ సరదాగా కలుసుకునే సోదర సంఘంగా 19వ శతాబ్దంలో పుట్టిందది. 1920 నాటికి దాని పెద్దల్లో ఒకరైన ఫ్రీలాండ్‌ కెండ్రిక్‌కు ఓ ఆలోచన వచ్చింది. వేడుకలూ విందులేనా, సంఘం పేరు నిలిచేలా ఒక మంచిపని చేయొద్దా అని. సభ్యులు ఒక్కొక్కరూ ఏడాదికి 2 డాలర్లు వేసుకుని పిల్లల కోసం ఆసుపత్రి కట్టాలని తీర్మానించారు. అలా 1922లో లూజియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌లో మొదటి ఆసుపత్రి తెరిచారు. మరుసటి ఏడాదే శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ ఒకటి వచ్చింది.

అప్పట్లో పిల్లల కాళ్లను పొట్టనపెట్టుకుంటున్న మహమ్మారి పోలియో. నిన్నటిదాకా గెంతిన పిల్లాడికి జ్వరం వచ్చి తగ్గేసరికి కాలు చచ్చుపడిపోయేది. వంకర పాదాలతో పుట్టేవాళ్లు, ఎముకల జబ్బులతో మంచం పట్టేవాళ్లు సరేసరి. ఆపరేషన్లు, ఇనుప పట్టీలు, నెలల తరబడి ఆసుపత్రి వాసం... పేదింటి తల్లిదండ్రులు భరించగలిగే ఖర్చు కాదది. ష్రైనర్స్‌ ఆసుపత్రులు పైసా తీసుకోకుండా చూస్తామన్నాయి. మరి డబ్బు? చందాలు ఎంతకని సరిపోతాయి?

శాన్‌ఫ్రాన్సిస్కోలోని ష్రైనర్లకు ఫుట్‌బాల్‌ గుర్తొచ్చింది. తూర్పు రాష్ట్రాల ఆట గొప్పదా, పడమటి తీరం ఆట గొప్పదా అన్న వాదన అప్పట్లో జోరుగా సాగేది. ఇరువైపుల మేటి కుర్రాళ్లనూ ఒకచోటికి తెస్తే టికెట్లు అమ్ముడుపోవూ! 1925 డిసెంబరు 26న, క్రిస్మస్‌ మర్నాడు, నగరంలోని యూయింగ్‌ ఫీల్డ్‌లో తొలి మ్యాచ్‌ జరిగింది. పడమర జట్టు 6-0తో గెలిచింది. బలమైన కాళ్లు పరుగెత్తేది బలహీనమైన కాళ్లు నడవడం కోసమేనన్న మాట ఆ తర్వాత ఈ ఆటకు నినాదమైంది.

యుద్ధం వచ్చినా...

1941 డిసెంబరులో జపాన్‌ పెర్ల్‌ హార్బర్‌పై బాంబులు వేసింది. పడమటి తీరంలో జనం గుమిగూడటమే ప్రమాదమన్నారు. అయినా ఆటను ఆపలేదు. 1942 జనవరిలో న్యూఆర్లీన్స్‌కు తీసుకెళ్లి ఆడించారు. ఆ తర్వాత మళ్లీ శాన్‌ఫ్రాన్సిస్కో. దశాబ్దాలపాటు కొత్త సంవత్సరం వేడుకల్లో ఆ నగరానికి ఇదీ ఓ భాగమైపోయింది.

ఆటకు ముందు వారంలో కుర్రాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆనవాయితీ. ఆరడుగుల పైచిలుకు ఎత్తున్న ఆజానుబాహులు మంచాల పక్కన మోకాళ్లమీద కూర్చుని, కాళ్లకు పట్టీలు కట్టుకున్న పిల్లలతో కబుర్లు చెబుతారు. తాము ఎవరి కోసం ఆడుతున్నారో కళ్లారా చూస్తారు. చెక్కు రాసిచ్చి చేతులు దులుపుకొనే దానానికీ దీనికీ తేడా అదే.

1952లో అమెరికాలో దాదాపు 58 వేల మంది పోలియో బారినపడ్డారు. 1955లో జోనస్‌ సాక్‌ టీకా వచ్చాక ఆ భయం క్రమంగా కరిగిపోయింది. (మన దేశంలో చివరి కేసు 2011లో నమోదైంది. 2014లో పోలియో రహితమని ప్రకటించారు.) మరి పోలియో పోయాక ఆసుపత్రులకు పనేముంది? వెన్నెముక వంకరలూ, పుట్టుకతో వచ్చే ఎముకల లోపాలూ ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు 1960ల నుంచి కాలిన గాయాలకూ, 1980ల నుంచి వెన్నుపాము గాయాలకూ ష్రైనర్స్‌ ఆసుపత్రులు చికిత్స మొదలుపెట్టాయి. తర్వాతి కాలంలో బీమా ఉన్నవాళ్ల నుంచి ఆ సొమ్ము తీసుకోవడం మొదలైనా, డబ్బు కట్టలేరని పిల్లల్ని వెనక్కి పంపకూడదన్న నియమం మాత్రం మారలేదు.

రెండు ఆటలు... ఒక అధ్యక్షుడు

ష్రైన్‌ గేమ్‌లో ఆడినవాళ్లలో జెరాల్డ్‌ ఫోర్డ్‌ ఒకరు. మిషిగన్‌ యూనివర్సిటీ జట్టులో సెంటర్‌గా ఆడిన ఆయన 1935 జనవరి 1న తూర్పు జట్టు తరఫున బరిలోకి దిగారు. ప్రొఫెషనల్‌ జట్లు పిలిచినా కాదని తర్వాత లా చదివారు. 1974లో అమెరికా అధ్యక్షుడయ్యారు!

అదే 1935 ఆగస్టులో ఫోర్డ్‌ మరో ధార్మిక మ్యాచ్‌ కూడా ఆడారు. అది షికాగోలో. ‘షికాగో ట్రిబ్యూన్‌’ పత్రిక క్రీడా సంపాదకుడు ఆర్చ్‌ వార్డ్‌ 1934లో మొదలుపెట్టిన ఈ పోటీ తీరే వేరు. అప్పుడే కాలేజీ ముగించిన మేటి కుర్రాళ్ల జట్టు... ప్రొఫెషనల్‌ ఫుట్‌బాల్‌ విజేతలతో తలపడాలి. తొలి మ్యాచ్‌ 0-0తో సమమైంది. కుర్రాళ్లు తక్కువవాళ్లేం కాదని దేశమంతా చెప్పుకుంది. 1947లో లక్ష మందికి పైగా చూసేందుకు వచ్చారు. ఆ ఏడాది కుర్రాళ్లే 16-0తో గెలిచారు. వచ్చిన సొమ్ము షికాగోలోని ధార్మిక సంస్థలకు వెళ్లేది.

పేరుకు పేరు, డబ్బుకు డబ్బు, వెనక పెద్ద పత్రిక. ఏ రకంగా చూసినా ష్రైన్‌ గేమ్‌ కన్నా అదే ఘనం. కానీ 1976 జులై 23 రాత్రి మూడో క్వార్టర్‌లో కుండపోత వాన పడింది. అప్పటికి పిట్స్‌బర్గ్‌ స్టీలర్స్‌ 24-0తో ముందుంది. ప్రేక్షకులు మైదానంలోకి దూసుకొచ్చి గోల్‌పోస్టులు పీకేశారు. మ్యాచ్‌ అక్కడితో ఆగిపోయింది. మళ్లీ ఎప్పుడూ జరగలేదు.

వాన ఓ సాకు మాత్రమే! అసలు కారణం కాళ్ల ఖరీదు పెరగడం. అప్పటికే డ్రాఫ్ట్‌లో ఎంచుకున్న కుర్రాళ్లను సొంత శిక్షణ శిబిరం మానిపించి, గాయాలయ్యే ఆటకు పంపడానికి జట్లకు మనసొప్పలేదు. లక్షలు పోసి తెచ్చుకున్నవాడు దానానికి ఆడి కాలు విరగ్గొట్టుకుంటే? 1963 తర్వాత కుర్రాళ్లు ఒక్కసారి కూడా గెలవకపోవడంతో జనానికీ ఆసక్తి తగ్గింది.

ఇచ్చేవాడికీ కొంత

మరి ష్రైన్‌ గేమ్‌ ఎలా బతికింది? అది డ్రాఫ్ట్‌కు ముందు జరుగుతుంది, అదీ కిటుకు. అప్పటికి కుర్రాడు ఏ జట్టుకూ సొంతం కాదు. పైగా వారం రోజుల సాధనను ప్రొఫెషనల్‌ జట్ల ప్రతినిధులు గట్టుమీద నిలబడి చూస్తుంటారు. పెద్దగా పేరురాని ఆటగాడికి అంతకన్నా మంచి అవకాశం ఏముంది?

టామ్‌ బ్రాడీ సంగతే చూడండి. 2000 జనవరిలో ష్రైన్‌ గేమ్‌ ఆడాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అతని పేరు పిలిచేసరికి ముందు 198 మంది వెళ్లిపోయారు. తర్వాత ఏడు సూపర్‌బౌల్‌ టైటిళ్లు గెలిచి ఆటకే మకుటమయ్యాడు. బ్రాక్‌ పర్డీది ఇంకా చిత్రం. 2022లో లాస్‌వేగస్‌లోని అల్లీజియంట్‌ స్టేడియంలో జరిగిన ష్రైన్‌ బౌల్‌లో ఆడాడు. ఆ డ్రాఫ్ట్‌లో అందరికన్నా చివర, 262వ వాడిగా ఎంపికయ్యాడు. రెండేళ్లు తిరిగేసరికి 2024 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టును నడిపించాడు. ఆ మ్యాచ్‌ జరిగిందీ అదే స్టేడియంలో! గెలుపు మాత్రం కాన్సాస్‌ సిటీదే.

అంటే కుర్రాళ్లు పిల్లల కోసం ఆడుతున్నారా, తమ కోసమా? రెండూ నిజమే. ఇచ్చే చేతికీ కొంత దక్కింది కాబట్టే ఈ దానం వందేళ్లు నిలిచింది. ఇవ్వమని మాత్రమే అడిగిన ఆట ఆగిపోయింది.

ఇక ముందు?

పుట్టిన గడ్డను వదిలి 2006లో టెక్సాస్‌ వెళ్లింది మొదలు ఈ ఆట ఊళ్లు తిరుగుతూనే ఉంది. శాన్‌ ఆంటోనియో, హ్యూస్టన్‌, ఓర్లాండో, సెయింట్‌ పీటర్స్‌బర్గ్‌, లాస్‌వేగస్‌... 2021లో కరోనా వల్ల జరగలేదు. 2024లో మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడిన ఫ్రిస్కోలో, 2025 జనవరి 30న ఆ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో ఆడారు. కరోనా ఏడాదినీ కలిపి ఆర్లింగ్టన్‌ పోటీని వందోదిగా లెక్కించారు!

అయితే షికాగో ఆటను మింగిన భయం ఇప్పుడు కాలేజీల దాకా వచ్చింది. 2016 జనవరి 1న జరిగిన ఫియస్టా బౌల్‌లో జైలాన్‌ స్మిత్‌ అనే ఆటగాడి మోకాలు ఘోరంగా దెబ్బతింది. డ్రాఫ్ట్‌లో మొదటి వరుసలో పోతాడనుకున్న కుర్రాడు 34వ స్థానానికి జారిపోయాడు. ఆ ఏడాది చివర్లో లెనార్డ్‌ ఫోర్నెట్‌, క్రిస్టియన్‌ మెకాఫ్రీ తమ కాలేజీ ఆఖరి మ్యాచ్‌లనే వదులుకున్నారు. తర్వాత చాలామంది అదే బాటపట్టారు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మలతో డబ్బు సంపాదించుకునే వీలూ వచ్చింది. కాళ్ల ఖరీదు డ్రాఫ్ట్‌కు ముందే మొదలవుతోందన్నమాట.

అందుకే డ్రాఫ్ట్‌లో ముందుంటామన్న ధీమా ఉన్నవాళ్లను ఇలాంటి ఆటకు రప్పించడం తేలిక కాదు. ధీమా లేనివాళ్లు, తమలో ఏదో ఉందని ఇంకా నిరూపించుకోవాల్సినవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు. ఒకరకంగా అదే సబబేమో. కష్టపడి ఒక్కో అడుగూ వేయడమంటే ఏమిటో ఆసుపత్రి మంచం మీది పిల్లలతో పాటు బాగా తెలిసినవాళ్లు వాళ్లే మరి!