బయటి రొదను ఆపే హెడ్‌ఫోన్లు: ఎంపికలో మెలకువలు

నివాస ప్రాంతాల్లో పగటిపూట శబ్దం 55 డెసిబెల్స్ దాటరాదని 2000 నాటి శబ్దకాలుష్య నియమావళి నిర్దేశిస్తోంది. నగర కూడళ్లలో ఆ హద్దు చెరిగి చాలాకాలమైంది. బస్సులో పాటలు వినేవారు ఈ రొదను అధిగమించేందుకు ధ్వని పెంచుతారు. చెవికి చేటు అక్కడే మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే ఆ గడువు నాలుగు గంటలే.

బయటి మోత తగ్గితే తక్కువ ధ్వనితోనే వినవచ్చు. అందుకే ప్రయాణాలకు వెనుకభాగం పూర్తిగా మూసి ఉన్న హెడ్‌ఫోన్లు మేలు. జాలీ ఉన్న రకంలో సంగీతం మరింత విశాలంగా వినిపించినా, వీధి కూడా వినిపిస్తుంది!

కొనుగోలుదారు బ్రాండు కంటె ముందుగా పరిశీలించవలసింది చెవి మెత్తలను. అవి చెవి చుట్టూ సందు లేకుండా ఆనాలి. కళ్లద్దాల కాడ వల్ల ఏర్పడే సన్నని సందు చాలు, ఇంజను మోత లోపలికి రావడానికి. కాబట్టి అద్దాలు ధరించేవారు వాటితోనే పెట్టుకొని చూడాలి. మెత్తలు చిరిగితే కొత్తవి దొరుకుతాయా అన్నది కూడా విచారించాలి.

మూసిన హెడ్‌ఫోన్లు కీచుమనే శబ్దాలను బాగా అడ్డుకుంటాయి గానీ మంద్రస్థాయి మోతను అంతగా ఆపలేవు. దానికి ఎదురుధ్వని పుట్టించి శబ్దాన్ని అణచే రకం అవసరం. బెంగాలీ స్వాతంత్ర్య సమరయోధుని కుమారుడైన అమెరికా ఇంజనీరు అమర్ బోస్‌కు 1978లో విమానప్రయాణంలో తట్టిన ఆలోచన అది. ధర హెచ్చు, బ్యాటరీ భారం అదనం.

దుకాణం లోపలి నిశ్శబ్దంలో ఏదైనా బాగానే ఉంటుంది. గుమ్మం దగ్గర, వీధి రొద మధ్య నిలబడి పెట్టుకొని చూడాలి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం తీసి మెడలో వేసుకోవాలి.